పక్క బ్యాండులోని అపస్వరాలు

బ్రిటిష్ పాప్, రాక్ సంగీతంలో ఆరు దశాబ్దాలు గడిపి, ఎనభయ్యో ఏటికి కాస్త అటో ఇటో చేరి, రాజసత్కారాలు కూడా అందుకున్న గాయకుడిలో ఒక విశేష లక్షణం పొడసూపుతుంది: తన పాటలో చెప్పుకోదగ్గ లోపమేదీ అతడికి వినిపించదు గానీ, తన ఈడువాళ్లే అయిన ప్రత్యర్థి బ్యాండు వాయిద్యంలో మాత్రం తాళం తప్పిన ప్రతి దెబ్బా స్పష్టంగా వినిపిస్తుంది. బ్యాండు అంటే ఇక్కడ పెళ్లి ఊరేగింపు ముందు నడిచే మేళం కాదు. గిటార్లు, డ్రమ్ములు వాయించే ముగ్గురు నలుగురూ, వాళ్ల ముందు నిలబడి పాడే ఒకడూ కలిసి ఏర్పరచుకొని, విడిపోతామని బెదిరించుకుంటూనే ఏళ్ల తరబడి నడుపుకొనే బృందం.

ఈ విమర్శకుడు దూషణతో మొదలుపెట్టడు. వియ్యాలవారింట విందుకు వెళ్లిన పెద్దావిడ ముందు పాయసాన్ని మెచ్చుకొని తర్వాత పప్పు సంగతికి వచ్చినట్టు, అతడు ముందుగా ప్రత్యర్థి బృందంలో ఒకడిని ఎంచుకొని ఆకాశానికెత్తి, మిగిలినవాళ్లను నేలమీదే వదిలేస్తాడు. ‘ది హూ’ బృంద గాయకుడు రోజర్ డాల్ట్రీ 2021లో ‘రోలింగ్ స్టోన్స్’ ప్రస్తావన వచ్చినప్పుడు, వేదిక మీద ఆ బృంద గాయకుడు మిక్ జాగర్ అంతటి ప్రదర్శకుడు లేడని ఒప్పుకొని, ఆ వెంటనే, ఆ బ్యాండు వాయించేది ఒక రాత్రి ఏ పబ్బులోంచో బయటికి వినిపిస్తే, ఎవరో సాదాసీదా పబ్బు బ్యాండువాళ్లే అనుకుంటామనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. పబ్బు అంటే ఇంగ్లండులో ఇరుగుపొరుగు సాయంత్రాలు చేరి కబుర్లాడుకొనే మద్యశాల. అక్కడ వాయించేవాళ్ల పాటను జనం వింటూనే ఉంటారు గానీ మాటలు ఆపరు. ఇంతటి సూక్ష్మ విచక్షణ ప్రదర్శించిన చెవుల చరిత్ర కూడా చెప్పుకోదగ్గదే. 1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో ‘ది హూ’ చేసిన కచేరీ, 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ మోతతో, అత్యంత ఘోషగల కచేరీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. తన వినికిడి బాగా దెబ్బతిన్నదని డాల్ట్రీయే 2018లో వేదిక మీది నుంచి ప్రకటించి, చెవుల్లో బిరడాలు పెట్టుకోమని శ్రోతలను హెచ్చరించాడు. చెవి మందగించినా అభిప్రాయం మందగించకపోవడం ఈ జాతి గాయకుడికి ప్రకృతి ఇచ్చిన వరం.

డాల్ట్రీ చేసిన ఆ పబ్బు వ్యాఖ్యకు కొద్ది వారాల ముందే ‘బీటిల్స్’ బృంద సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ, అనవచ్చో లేదో అని కాస్త జంకుతూనే, రోలింగ్ స్టోన్స్‌ను బ్లూస్ కవర్ బ్యాండుగా వర్గీకరించి, బీటిల్స్ వల అంతకంటే విస్తారమైనదని చెప్పాడు. బ్లూస్ అనేది అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి శ్రామికుల జీవితంలోంచి పుట్టి, ఎక్కువగా పన్నెండు ఆవర్తనాల చట్రంలో మూడే మూడు స్వరమేళాల మీద నడిచే పాట. కవర్ అంటే ఒకరు పాడిన పాటను మరొకరు మళ్లీ పాడి రికార్డు చేయడం. వర్గీకరణ శాస్త్రీయంగానే ఉంది, ఎందుకంటే స్టోన్స్ తమ పేరును సైతం మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడి పాట నుంచే తెచ్చుకున్నారు. అయితే 1963లో వచ్చిన బీటిల్స్ తొలి ఆల్బమ్‌లోని పద్నాలుగు పాటల్లో ఆరు ఇతరులవి. అదే ఏడాది స్టోన్స్‌కు బ్రిటన్‌లో పేరు తెచ్చిన ‘ఐ వానా బీ యువర్ మ్యాన్’ను రాసిచ్చినది బీటిల్స్‌కు చెందిన జాన్ లెనన్, మెకార్ట్‌నీలే. పరాయి పాటలు పాడతారని ఎవరినైతే ఎత్తిపొడిచాడో వాళ్లకు తొలినాళ్లలో పరాయి పాట సరఫరా చేసినవాడు తానేనన్న సంగతి, విమర్శ చేసే ఘడియలో గుర్తుకు రాకపోవడం ఈ కళలో ప్రధానమైన నేర్పు. ఆ వ్యాఖ్య వెలువడిన రెండు నెలలు తిరగకుండానే అతడి పాటల పుస్తకం, బీటిల్స్ మీద సుదీర్ఘ డాక్యుమెంటరీ విడుదలయ్యాయి. దీన్ని యాదృచ్ఛికమనే అనుకోవడం మర్యాద.

స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌ది వేరే పద్ధతి. 2015లో అతడు బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌ను చెత్త కలగూరగంపగా కొట్టిపారేస్తూ, అదే ఊపులో 1967లో తమ బృందం చేసిన ‘సెటానిక్ మెజెస్టీస్’నూ దాని పక్కనే పడేశాడు. తన సరుకులోంచి కూడా ఒకటి చెత్తబుట్టలో వేసినవాణ్ని పక్షపాతి అనడానికి ఎవరికీ నోరు రాదు.

ప్రత్యర్థి సమాధానంలో సంగీత చర్చ ఉండదు. బీటిల్స్ గొప్పా స్టోన్స్ గొప్పా అన్న పాత వివాదాన్ని మెకార్ట్‌నీ 2020లో కదిలించినప్పుడు, ఒక బ్యాండు ఇంకా స్టేడియాల్లో పాడుతోందనీ, రెండోది అసలు లేనే లేదనీ జాగర్ గుర్తుచేశాడు. మరుసటి ఏడాది కవర్ బ్యాండు వ్యాఖ్య వచ్చిన కొద్ది రోజులకే లాస్ ఏంజిలిస్ కచేరీలో, శ్రోతల్లో ఉన్న ప్రముఖుల పేర్లు చదువుతున్నట్టు నటించి, మెకార్ట్‌నీ కూడా వచ్చాడనీ, కాసేపట్లో తమతో కలిసి ఒక బ్లూస్ కవర్ అందుకుంటాడనీ వేళాకోళమాడాడు. అయితే 2023లో స్టోన్స్ విడుదల చేసిన ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బమ్‌లో ‘బైట్ మై హెడ్ ఆఫ్’ అనే పాటకు, అదీ కవర్ కాని సొంత పాటకు, బేస్ గిటారు వాయించినవాడు సాక్షాత్తు మెకార్ట్‌నీయే. కనుక ఇకమీదట ఆ బ్యాండు వాయిద్యంలో తప్పులు పట్టదలచిన పెద్ద గాయకులు కనీసం ఆ ఒక్క పాటలో మంద్రస్థాయిని మినహాయించి మాట్లాడవలసి ఉంటుంది.