మూడు నిమిషాల్లో కోవిల్‌పట్టి

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి విమానంలో ఎంతసేపు? ఇంటర్నెట్‌లో దూరాలు లెక్కగట్టే యంత్రాన్ని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది: 46 కిలోమీటర్లు, 3 నిమిషాలు. విరుదునగర్‌లో అసలు విమానాశ్రయమే లేదే అంటే దానికి పట్టదు. ఆ జిల్లాలో పైకి లేచేవి శివకాశి రాకెట్లే, వాటిలో సీట్లుండవు. కోవిల్‌పట్టి దగ్గర ఓ ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ, టికెట్టు కొనుక్కుని అక్కడ దిగినవాళ్ళు లేరు.

యంత్రం చేసేది ఒక్క భాగహారం. రెండు ఊళ్ళ మధ్య తిన్నగా గీత గీసి, వచ్చిన దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తుంది. ఎక్కడం, దిగడం లాంటి చిల్లర వ్యవహారాలు దాని స్థాయికి తగవు. జెట్ విమానం 35,000 అడుగుల నుంచి నిమ్మళంగా నేలకు రావాలంటే సుమారు 190 కిలోమీటర్లు కావాలి. అంటే కోవిల్‌పట్టిలో వాలేది కరూరు దగ్గరే దిగడం మొదలుపెట్టాలి. మనం ఎక్కేది విరుదునగర్‌లో. కాబట్టి లేవకముందే దిగాలి.

పోనీ దూరాభారమే చూద్దాం. శంషాబాద్ నుంచి మదురైకి గాలిలో దాదాపు 820 కిలోమీటర్లు. యంత్రం లెక్కన 55 నిమిషాలు. విమానం వాళ్ళ టైంటేబుల్లోనే గంటన్నర పైన వేస్తారు. రెండు గంటల ముందే రమ్మనడం, మియాపూర్ నుంచి శంషాబాద్ దాకా ట్రాఫిక్, మదురైలో బ్యాగు కోసం పడిగాపులు, ఆపైన కారులో గంట... ఇవేవీ ప్రయాణం కాదు కాబోలు. "55 నిమిషాల్లో వచ్చేస్తున్నా" అని సాత్తూరు అత్తకు ఫోన్ చేసి చూడండి. పాపం, ఆవిడ నిజంగానే ఎసరు పెట్టేస్తుంది.

ఆ అత్త ఉండే కరిసల్ (నల్లరేగడి) నేలకు తెలుగువాళ్ళు నడిచొచ్చిన కథను, కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. దారిలో అడ్డొచ్చిన ఏళ్ళూ అడవులూ ఆ ప్రయాణంలో భాగమే. శంషాబాద్ పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఇంతే నిజాయితీపరురాలు. కర్నూలు, బెంగళూరు, కరూరు, మదురై మీదుగా వచ్చి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి దాటి కన్యాకుమారికి పోతుంది. ఎన్ని కిలోమీటర్లో బోర్డు మీద రాస్తుంది. ఎన్ని నిమిషాలో మాత్రం మన నెత్తిన రుద్దదు.

యంత్రానికి శిష్యులూ ఉన్నారు, ప్లాట్లమ్మేవాళ్ళు. తూత్తుకుడి విమానాశ్రయంలో 2025 జూలైలో కొత్త టెర్మినల్ తెరిచారు. కోవిల్‌పట్టి వెంచర్ల బ్రోచర్లలో "ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు" అని పడితే ఆశ్చర్యపోకండి. గీత గీసి కొలిచినా 50 కిలోమీటర్లు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో కారు తోలాలి, అదీ రోడ్డు వదిలేసి మినప చేలకు అడ్డంపడి.