కరెంటు స్తంభం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కరెంటు స్తంభం గారి సముఖమునకు, చిలకలగూడ వాస్తవ్యుడు, ఒకానొక వైఫై వినియోగదారుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమ సమాచారాలు తెలియజేయమని మాత్రం అడగను. మా గల్లీ మలుపులో తమరు రోడ్డువైపు కాస్త ఒరిగి, మెడలో ఎవరూ లెక్కపెట్టలేనన్ని తీగలు వేసుకుని నిలబడి ఉండటం రోజూ చూస్తూనే ఉన్నాను.

పెద్దవారిని ఇలా నలుగురిలో పెట్టి రాయడం మర్యాద కాదు. కానీ కవరులో పెట్టి పంపాలంటే ఎవరి పేరు రాయాలో తెలియలేదు. నెట్ పోయినప్పుడల్లా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక కంప్లయింట్ నంబర్ ఇస్తారు. ఏరియా కుర్రాడికి చేస్తే "సార్, మీ పోల్ కాడ ఫైబర్ కట్టయింది, జర టైం పడ్తది" అంటాడు. కరెంటువాళ్ళు స్తంభం మాదే గాని తీగలు మావి కావంటారు. వీధి దీపం వేసేవాళ్ళు ఆ దీపం వరకే మా బాధ్యత అంటారు. ఎవరిని అడిగినా చివరికి తమరినే చూపిస్తున్నారు కనుక, ఈ వీధిలో అసలు అధికారం తమరిదేనని తేలిపోయింది.

మా ఇంటి సంగతి మొదట విన్నవించుకుంటాను. పేరుకు అంతా వైర్‌లెస్సే. తెల్లవారుజామున అమ్మ టాబ్లెట్‌లో సుప్రభాతం, ఆ తర్వాత మా ఆవిడ ఫోన్, మా వాడి ఆఫీసు లాప్‌టాప్, హాల్లో టీవీ, గేటు దగ్గర కెమెరా, గీజర్‌కు పెట్టిన స్మార్ట్ ప్లగ్గు, పిలిస్తే పలికే స్పీకరు, పిలిచినా పలకని ప్రింటరు. ఇన్నిటికీ రౌటర్ తలా ఒక చిరునామా ఇస్తుంది, 192.168తో మొదలయ్యేది. ఆ చిరునామా కొంతకాలానికే. గడువు తీరాక ఇంకోటి రావచ్చు. మా ప్రింటర్‌ది ఆ విషయంలో కొత్తల్లుడి అలక. నాలుగు రోజులు ఎవరూ ముట్టుకోకపోతే మళ్ళీ లేచినప్పుడు చిరునామా మార్చుకుని కూర్చుంటుంది. లాప్‌టాప్ పాత ఇంటి తలుపు కొడుతూ ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి దానికి శాశ్వత చిరునామా రాసిచ్చాక గొడవ తగ్గింది.

చిరునామా కాక, ప్రతి పరికరానికీ తయారైన చోటే పన్నెండు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. ఈమధ్య ఫోన్లు దాన్ని దాచిపెట్టి మారుపేరుతో వైఫైకి కలుస్తున్నాయి. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు రౌటర్ యాప్ తెరిస్తే, ఎవరివో తెలియని మారుపేర్లు వరసగా కనిపిస్తాయి. అయినా సరే, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంత డేటా వాడారు అన్నది అక్కడ రాసే ఉంటుంది. అక్కర్లేదనుకున్నవాణ్ణి ఒక్క నొక్కుతో బయటికి పంపేయవచ్చు.

మాది పాతకాలపు ఇల్లు, గోడలు బాగా మందం. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు వేగం ఎక్కువే గాని, హాల్లో నుంచి వెనక గదికి వెళ్ళమంటే గోడ దగ్గరే ఆగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడ దాటుతుంది. అయితే ఆ దారిలో ఒకదానికొకటి తగలని ఛానళ్ళు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఆ మూడింటిలోనే తోసుకుంటాయి. బ్లూటూత్ కూడా అక్కడే, మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ అక్కడే. వంటింట్లో అది తిరుగుతున్నంతసేపూ హాల్లో పాట తెగుతూ అతుకుతూ వస్తుంది. మధ్యలో సిగ్నల్‌ను ముందుకు అందించే ఇంకో డబ్బా పెట్టుకుంటే ఆ తిప్పలూ తీరాయి. పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మన సీటీసీలో, రౌటర్‌కు పన్నెండు వోల్టుల మినీ యూపీఎస్ కూడా కొనుక్కున్నాం. కాబట్టి ఇప్పుడు కరెంటు పోయినా మా ఇంట్లో నెట్ ఉంటుంది. నెట్ పోతే మాత్రం లైట్లన్నీ వెలుగుతున్నా ఎవరి మొహం చూసినా చీకటే.

ఇంటి లోపల ఇంత లెక్కా పత్రం ఉందని గొప్పలు పోవడానికి ఇదంతా రాయలేదు. గేటు దాటి తమరి దగ్గరికి రాగానే ఈ లెక్క మాయమైపోతోందని మనవి.

ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే డబ్బా మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర దీపం కొట్టుకుంటోందంటే వెలుగు అందడం లేదని అర్థం. మాకు అందే వెలుగు తమరి మెడ మీదుగా ఒక గాజుపోగులో వస్తుంది. పోగు మందం 125 మైక్రాన్లు, వెంట్రుకంత. అందులో వెలుగు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లే. కిందికి ఒక రంగు, పైకి ఒక రంగు, రెండూ మన కంటికి కనపడనివి. కంపెనీ దగ్గర నుంచి బయల్దేరిన ఒక్క పోగునే దారిలో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. ఇంత సున్నితమైనదాన్ని తెచ్చి, తీగల దండలో మరో తీగగా చుట్టి, దాని మీద ట్యూషన్ బోర్డు, టులెట్ బోర్డు, జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారు. సంక్రాంతికి మాంజా, వినాయక చవితికి పెద్ద విగ్రహం వెళ్ళేటప్పుడు తీగల్ని పైకెత్తే వెదురు కర్ర, మిగతా రోజుల్లో ఉడతలు. తెగకుండా ఉన్న రోజుల గురించే మనం ఆశ్చర్యపోవాలి.

తెగడం అసలు జబ్బు కాదు స్తంభం గారూ. తెగిన తర్వాత జరిగేదే జబ్బు. ఆ గుంపులో మా తీగ ఏదో వెతికి, తెగిన చోటు పట్టుకుని, అతుకు వేయడం కన్నా కొత్త తీగ లాగేయడం సులువు. కుర్రాడు అదే చేస్తాడు, అతన్ని తప్పు పట్టలేను, ఎండలో నిచ్చెన మీద నిలబడేది అతనే. పాతది అలాగే వేలాడుతుంది. ఇంకో ఇంటివాళ్ళు కంపెనీ మారుస్తారు, పాత కంపెనీ డబ్బా తీసుకుపోతుంది, తీగ వదిలేస్తుంది. కొత్త కనెక్షన్ ఇస్తే లెక్కలో పడుతుంది గాని, పాత తీగ విప్పినందుకు ఎవరికీ పైసా రాదు. అలా ఏళ్ళ తరబడి చచ్చిన తీగలూ బతికిన తీగలూ ఒకే దండగా తమరి మెడలో పడ్డాయి. కింద నుంచి చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి.

ల్యాండ్‌లైన్ రోజుల్లో ఇలా లేదు. కనెక్షన్ కోసం ఏళ్ళు ఎదురుచూడాల్సి వచ్చేది, నిజమే. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ ఏ ఇంటి తీగల జత ఏ డబ్బాలో ఏ నంబరు మీద ఉందో రాసి ఉండేది.

ఇక్కడ వేళాకోళం ఆపుతాను. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే బండ్లగూడలో వినాయక విగ్రహం తీసుకెళ్తూ ఇద్దరు యువకులు పోయారు. గాజుపోగులో కరెంటు పారదు. కానీ ఇళ్ళకు లాగే ఫైబర్ కేబుల్‌లో బలం కోసం చాలాసార్లు ఉక్కు తీగ పెడతారు, పాత టీవీ కేబుల్‌లో రాగి ఉంటుంది. ఎవరికీ పట్టని అలాంటి ముక్క ఏదైనా హైటెన్షన్ లైనుకు తగిలితే అది నేరుగా మనిషి దగ్గరికి దారి చూపిస్తుంది. నా నెట్ కన్నా ఆ ప్రాణాలు ఎక్కువ. అందులో చర్చ లేదు.

ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీది కేబుళ్ళు కోసేశారు. ఇళ్ళూ ఆఫీసులూ నెట్ లేక ఆగిపోయాయి. ఫోన్ హాట్‌స్పాట్ ఉందిగా అనుకోవడానికి కూడా లేదు, చాలా సెల్ టవర్లకు ప్రాణం పోసేదీ ఫైబరే. కంపెనీలు గోల పెట్టాయి, వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది, అనుమతి లేని తీగలు స్తంభాల మీద ఉండకూడదని కోర్టు అన్నది. న్యాయమైన మాటే. కాకపోతే కత్తెర పట్టుకుని నిచ్చెన ఎక్కిన మనిషికి అనుమతి ఉన్న తీగేదో లేని తీగేదో చెప్పేవాళ్ళెవరు? పేరు లేని చోట న్యాయం కూడా గుడ్డిగానే కోస్తుంది. మా గల్లీలో అయితే కోసిన ముక్కలు కింద దుమ్ములో ఉండగానే కొత్త తీగలు పాత దారినే వచ్చి వేలాడాయి.

అదే ఏడాది సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగాయి. మన దేశంలోనూ నెట్ మందగించింది. మర్నాటి వార్తల్లో వాటి పేర్లు వచ్చేశాయి, సీ-మీ-వీ 4, ఐ-మీ-వీ అని. కడలి అడుగున, మనిషి కన్నుపడని చోట ఉన్న తీగకు పేరుంది, యజమానులున్నారు, అది ఏ దారిన పోతుందో పటం ఉంది. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి వీడియో కాల్‌లో కనిపించాలంటే పటాల్లో ఉన్న ఆ మహాసముద్రాలన్నీ దాటి వచ్చిన వెలుగు, చివరి యాభై గజాలు మాత్రం తమరి దగ్గర అనామకంగా నడవాలి.

అన్నిటినీ భూమిలో పాతేస్తే పోదా అంటారు. పాతితే మంచిదే. తవ్వకానికి డబ్బూ కాలమూ కావాలి. తవ్విన రోడ్డు మళ్ళీ పూడ్చాలి, సికింద్రాబాద్‌లో ఆ రెండో పని ఎలా జరుగుతుందో తమరికి చెప్పక్కర్లేదు. పక్క రాష్ట్రంలో 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్‌ను కావాలనే కరెంటు స్తంభాల మీద నడిపారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ ఇవ్వగలిగారంటే నేల తవ్వే ఖర్చు తప్పడం ఒక కారణం. కాబట్టి తమరి మీద తీగలు ఉండటం నేరం కాదు. ఎవరివో తెలియని తీగలు ఉండటమే నేరం.

నా మనవి చాలా చిన్నది. తమరి మీదుగా వెళ్ళే ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ ఒక ప్లాస్టిక్ చీటీ ఉండాలి. దాని మీద కంపెనీ పేరు, కనెక్షన్ నంబరు, లాగిన తేదీ ఉంటే చాలు. చీటీ లేనిదాన్ని గడువు పెట్టి తీసేయండి, చీటీ ఉన్నదాన్ని కోయాల్సి వస్తే ఆ నంబరుకు ఒక మెసేజ్ పంపండి. కనెక్షన్ మానేసిన ఇంటి తీగ విప్పుకుపోయే బాధ్యత కంపెనీదే కావాలి, విప్పకపోతే తమరి మీద తీగ ఉంచినందుకు కట్టే అద్దెతో పాటు జరిమానా పడాలి. నా ఇంట్లో స్మార్ట్ ప్లగ్గుకు ఉన్నపాటి గుర్తింపు, పదిమంది నెత్తి మీద వేలాడే తీగకు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదనుకుంటాను.

తమరు బదులివ్వరని తెలుసు. అందుకే ఈ ఉత్తరం చదువుతున్న ఇరుగుపొరుగువారికి కూడా ఒక మాట: ఈసారి మీ ఇంటికి కొత్త తీగ లాగడానికి కుర్రాడు వస్తే, నిచ్చెన దిగేలోపు పాతది విప్పించండి. కాస్త టీ ఇచ్చి అడిగితే కాదనడు.

ఇట్లు,
తమరి దండలో ఏదో ఒక తీగకు వేలాడుతున్న
ఒక చిలకలగూడ కుటుంబీకుడు