నెల రోజుల అప్పుకు జీవితకాలపు హామీయా?
జపాన్ ఆర్థిక సేవల ఏజెన్సీ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ దేశపు బ్యాంకులకూ, వాటి అనుబంధ కార్డు కంపెనీలకూ విదేశీయుల భవిష్యత్తు మీద ఉన్న శ్రద్ధకు ముచ్చటేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. టోక్యోలో ఉద్యోగం చేసుకుంటున్న ఇంజినీరు క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే, వచ్చే నెల బిల్లు కడతాడా లేదా అన్నదానికంటే మూడేళ్ల తర్వాత ఎక్కడుంటాడన్నదే వాటికి పెద్ద బెంగ. కన్నవాళ్లు కూడా ఇంత ముందుచూపుతో ఆలోచించరు. 2024 చివరికి మీ దేశంలో 37 లక్షల 68 వేల మంది విదేశీయులు నివసిస్తున్నారు. వారిలో శాశ్వత నివాసం ఉన్నవారు మూడో వంతుకు మించరు. తక్కినవారి రెసిడెన్స్ కార్డు మీద గడువు తేదీ అచ్చయి ఉంటుంది. ఉద్యోగ వీసా మీద వచ్చినవారికైతే ఆ గడువు ఐదేళ్లు, మూడేళ్లు, ఏడాది, ఒక్కోసారి మూడు నెలలే. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్లు ఆగాలి. అంతవరకూ వాళ్ల నిజాయితీకి కూడా గడువు తేదీ ఉంటుందని కార్డు కంపెనీలు అనుకుంటున్నట్టున్నాయి.

నా వాదన ఒక్కటే. అప్పు ఎంత కాలానిదో, హామీ కూడా అంత కాలానికే అడగాలి. ఇల్లు కొనుక్కోవడానికి 35 ఏళ్ల అప్పు ఇస్తున్నప్పుడు మనిషి దేశంలో ఉంటాడా అని అడగడం న్యాయమే, అడగకపోతేనే తప్పు. కానీ జపాన్‌లో క్రెడిట్ కార్డు వాడకం చాలావరకు ఒకేసారి కట్టేసే పద్ధతిలోనే సాగుతుంది. ఈ నెల వాడింది వచ్చే నెల 10వ తేదీనో 27వ తేదీనో బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కోత పడుతుంది. అక్కడ చాలా కంపెనీల్లో జీతం పడేది 25న. రెండు రోజుల తేడాతో జీతం వచ్చే ఖాతా, బిల్లు పోయే ఖాతా ఒకటే అయినప్పుడు, వీసా మీద ఇంకా రెండేళ్లు మిగిలినవాడి వల్ల వచ్చే ప్రమాదమేమిటో చెప్పాల్సిన బాధ్యత కార్డు నిరాకరించినవాళ్లదే.

గడువుకు తోడు రెండో అడ్డంకి చరిత్ర లేకపోవడం. అప్పుల సమాచారం దాచే సీఐసీ లాంటి సంస్థల్లో 35 ఏళ్ల మనిషి పేరిట ఖాళీ పేజీ కనబడితే జపాన్‌లో అనుమానపడతారు. దానికీ ఒక కారణం ఉంది. ఎగవేతలూ దివాళాలూ కొన్నేళ్లకు రికార్డులోంచి చెరిగిపోతాయి కాబట్టి, ఖాళీ పేజీ కొన్నిసార్లు మునిగి తేలినవాడి పేజీ కూడా కావచ్చు. నిన్నమొన్న దేశంలో దిగినవాడి పేజీ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఈ ఇద్దరినీ వేరుచేయడం అంత కష్టమా? వార్డు ఆఫీసు ఇచ్చే నివాస ధ్రువపత్రంలో ఆ విదేశీయుడు ఎప్పటి నుంచి నివాసి అయ్యాడో తేదీతో సహా ఉంటుంది. ఆ ఒక్క కాగితం చదివితే చాలు. చదవకుండా కార్డు నిరాకరిస్తే, కార్డు లేక చరిత్ర పుట్టదు, చరిత్ర లేక కార్డు రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని మా ఊళ్లలో అనేది ఇలాంటి వ్యవహారాన్నే.

చట్టం ఇలా చేయమంటోందా అంటే, అదీ లేదు. మీ వాయిదా అమ్మకాల చట్టం దరఖాస్తుదారుడి ఏడాది ఆదాయంలోంచి బతకడానికయ్యే ఖర్చు, ఉన్న బాకీల కిస్తీలు తీసేసి ఎంత కట్టగలడో లెక్క కట్టమంటుంది. ఆ లెక్కలో పాస్‌పోర్టు రంగుకు చోటు లేదు. కార్డు పరిమితి 3 లక్షల యెన్ల లోపుంటే పరిశీలన ఇంకా తేలిక చేసుకోవచ్చని కూడా వెసులుబాటు ఇచ్చింది. అంటే చిన్న పరిమితితో మొదలుపెట్టే దారిని చట్టమే తెరిచి ఉంచింది. ఆ చట్టం మా పరిధి కాదు, ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖది అని మీరనవచ్చు. నిజమే. కానీ కార్డు కంపెనీల వెనకున్న బ్యాంకులు మీ పర్యవేక్షణలోనివే గనుక ఆ శాఖకు ఒక నకలు పంపుతూ అసలు మీకే పంపుతున్నాను.

అప్పు ఎగ్గొట్టి విమానమెక్కితే ఎవరిది పూచీ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు పరిమితి తగ్గించడం, లేదా కొంత డిపాజిట్ కట్టించుకోవడం. గడువు పొడిగించుకున్నాక కొత్త రెసిడెన్స్ కార్డు చూపమని బ్యాంకులు ఖాతాదారులను ఎలాగూ అడుగుతున్నాయి. కార్డు గడువును కూడా దానికే ముడిపెట్టవచ్చు. దొంగ ఖాతాలు, అక్రమ సొమ్ము అంటారా, ఆ వడపోత ఖాతా తెరిచేటప్పుడే జరిగింది. డెబిట్ కార్డుతో సరిపెట్టుకోమంటారా, దాని వాడకం వల్ల అప్పు చరిత్ర అక్షరమైనా పెరగదు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద టోల్ కట్టే ఈటీసీ కార్డు మామూలుగా వచ్చేది కూడా క్రెడిట్ కార్డుకు అనుబంధంగానే. ఇక ఎవరికి అప్పివ్వాలో తేల్చుకునే స్వేచ్ఛ వ్యాపారిది అన్నది అన్నింటికంటే బలమైన అభ్యంతరం. ఆ స్వేచ్ఛను కాదనను. పైగా కొన్ని కంపెనీలు గడువున్న వీసాదారులకు కార్డులు ఇస్తూనే ఉన్నాయి. అవే చట్టాలు, అవే సమాచార సంస్థలు, అదే దరఖాస్తుదారుడు. ఒకచోట చాలిన ఆధారాలు ఇంకోచోట చాలకపోతే, ఎందుకు చాలలేదో చెప్పడం స్వేచ్ఛకు భంగం కాదు. ‘సమగ్రంగా పరిశీలించాం’ అని ఒక్క వాక్యంతో తోసిపుచ్చితే, దేన్ని సరిదిద్దుకుని మళ్లీ రావాలో ఎవరికీ తెలియదు.

ఇది కొద్దిమంది చిరాకుగా తీసిపారేసే సంగతి కాదు. 2025 నాటికి చెల్లింపుల్లో 40 శాతం నగదు లేకుండా జరగాలని 2018లో మీ ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంది, 2024లోనే దాన్ని దాటింది. ఆ చెల్లింపుల్లో ఐదింట నాలుగు వంతులు క్రెడిట్ కార్డులవే. 2025 ఆగస్టులో మన రెండు దేశాల ప్రధానులు ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలకు ఒప్పుకున్నారు. అందులో 50 వేల మంది నైపుణ్యమున్న భారతీయులు మీ దేశానికి రావాలి. వారిలో తెలుగువారూ ఉంటారు. పనికి రమ్మని పిలిచి, పన్నూ పింఛను చందా జీతం నుంచే కోసుకుంటూ, ఆ జీతాన్ని మాత్రం నమ్మకపోవడం పిలిచినవారికి తగదు.

అడిగేవి మూడు. కార్డు నిరాకరిస్తే కారణం రాసివ్వాలి. వీసా గడువును పరిమితి నిర్ణయించడానికి వాడుకోవచ్చు గానీ, తలుపు మూయడానికి వాడకూడదు. విదేశీ నివాసుల దరఖాస్తుల్లో ఎన్ని ఒప్పుకున్నారో, ఎన్ని తోసిపుచ్చారో ప్రతి బ్యాంకూ, దాని కార్డు కంపెనీతో సహా, ఏడాదికోసారి ప్రకటించాలి. మొదటి రెండూ బ్యాంకులకు కష్టమనిపిస్తే మూడోదానితోనే మొదలుపెట్టండి. అంకెలు బయటపడ్డాక మొదటి రెంటికీ వాటంతటవే దారి దొరుకుతుంది.

ఇట్లు,
ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారో చెప్పలేని వారందరి తరఫున,
ఒక తెలుగు పౌరుడు