ఒచ్చాంత సూత్రావళి (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

మా మేనల్లుడు హైదరాబాదులో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇద్దరు స్నేహితులతో కలిసి గది తీసుకున్నాడు. మొన్న సంక్రాంతికి తణుకు వచ్చినప్పుడు కొత్త ఫోను కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టి, "పంచాంగం చూసుకోడానికి పనికొస్తుంది మావయ్యా" అన్నాడు. పంచాంగం చూద్దామని గూగుల్ పెట్టె మీద వేలు పెట్టాను. ఏడాదిన్నరగా వాడు ఆ యంత్రాన్ని అడిగిన ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి, తేదీలూ వేళలతో సహా, బిలబిలమంటూ దిగాయి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాడికి ఇలాంటిది దొరకడమంటే అటకమీద తాళపత్రాల కట్ట దొరకడమే. కళ్ళజోడు తుడుచుకున్నాను.

కర్త గ్రంథానికి పేరు పెట్టలేదు. నేను పెట్టాను. ఎందుకలా పెట్టానో ముందు ముందు తెలుస్తుంది. ఇక అనుబంధ చతుష్టయం. విషయం: అన్నం, బట్టలు, దోమలు, అటెండెన్సు. ప్రయోజనం: ఆ పూట గడవడం. సంబంధం: కర్త అడుగుతాడు, యంత్రం చెబుతుంది, కర్త మళ్ళీ అడుగుతాడు. అధికారి: ఇంటికి దూరంగా ఉంటూ, వంట రాక, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేనివాడు.

లిపి గురించి ఒక మాట. కర్త అడిగింది తెలుగే గాని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాడు. అందువల్ల మూలంలో ల-ళ భేదం లేదు, న-ణ భేదం లేదు, హ్రస్వమూ దీర్ఘమూ ఒకటే. తెలుగు లిపిలోకి ఎత్తి పరిష్కరించిన పాపపుణ్యాలు నావి.

మెదక్ సీమలోని కొల్చారం పేరును కాళిదాసు పక్కన నిలబెట్టిన మల్లినాథసూరి, మూలాధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. అందులో మొదటి సగం నేనూ చేస్తున్నాను. రెండో సగం నా వల్ల కాదు.

మూలం: హెచ్‌ఎంటీకి ఎన్ని నీళ్ళు

ప్రతిపదార్థం: హెచ్‌ఎంటీకి = హెచ్‌ఎంటీ అనెడి సన్నబియ్యమునకు; ఎన్ని = ఎన్ని గ్లాసుల; నీళ్ళు = నీళ్ళు (ఇక్కడ పండితులు 'ఉదకములు' అని రాస్తారు; దానివల్ల అన్నం తొందరగా ఉడకదు); పోయవలెను అని అధ్యాహారం.

తాత్పర్యం: గదిలో చేరిన మొదటి ఆదివారం, మెస్సుకు సెలవు. కొట్టువాడు సంచీ మీద ఉన్న పేరే చెప్పాడు, కర్త ఆ పేరే అడిగాడు.

విశేషం: బియ్యం అన్న మాట లేకపోవడంతో యంత్రం మొదట చేతి వాచీలు చూపించింది. వాడు ఎంత నవ్వుకున్నాడో గాని, యంత్రం పొరబడలేదు. ఆ వంగడాన్ని ఎంచి నిలబెట్టినవాడు మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు. పైరులో వేరుగా కనిపించిన కంకులను దాచి, విత్తి, ఏళ్ళ తరబడి వేరు చేసుకుంటూ వచ్చాడు. పేరు కావలసివచ్చినప్పుడు, ఆ రోజుల్లో అందరూ మోజుపడే వాచీ పేరు పెట్టారు. మన వైపు పెళ్ళికొడుకు అలక తీర్చిన వాచీ కూడా అదే. కాబట్టి బియ్యం గురించి అడిగితే వాచీ చూపించిన యంత్రం, తనకు తెలియకుండానే, వ్యుత్పత్తి చెప్పింది.

నీళ్ళ లెక్క మాత్రం తప్పింది. యంత్రం ఒకటికి రెండు అంది. బియ్యం కొత్తవా పాతవా అని అడగలేదు. పాతబియ్యం నీళ్ళు తాగుతాయి, కొత్తబియ్యానికి రెండు పోస్తే జావ. ఎలక్ట్రిక్ కుక్కరుకీ ఆ తేడా తెలియదు. దాని అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో తేమ ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు ఇంకిపోగానే వేడి నూరు దాటుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, మీట 'టక్' మని పైకి లేస్తుంది. అన్నం ఉడికిందని దానికి తెలియదు, నీళ్ళు అయిపోయాయని మాత్రమే తెలుసు. మా అక్క అయితే కొత్తబియ్యం వాసన చూసి చెబుతుంది. ఆవిడకి ఫోను చేయడం ఒక రూపాయి కూడా కాదు. చేయలేదు. నలభై నిమిషాల తర్వాత ఉన్న ప్రశ్న చూడండి: 'జావ అయిన అన్నం తినొచ్చా'.

ఈ గ్రంథంలో ఇది మొట్టమొదటి ఒచ్చాంతం.

అజంతాలూ హలంతాలూ అని మనం చదువుకున్నట్టే, 'ఒచ్చా' అన్నది అంతమందు కలది ఒచ్చాంతం. తినన్ + వచ్చును + ఆ. తినన్ అన్నది తుమర్థకం, వచ్చును అన్నది అనుమతి, చివరి ఆకారం ప్రశ్నార్థకం. వాడుకలో మధ్యనున్న వకారం జారిపోయింది. గ్రంథంలో మొదటి రెండు నెలలూ ఎక్కువగా ఎలా, ఎన్ని, ఎక్కడ అనేవే వస్తాయి. మూడో నెల నుంచి చూస్తే పదింట ఎనిమిది ఒచ్చాంతాలే. 'ఒకే సాక్సు మూడు రోజులు వేసుకోవచ్చా'. 'జీన్సు ఉతక్కుండా ఉండొచ్చా'. 'రాత్రి ఒంటిగంటకి మ్యాగీ తినొచ్చా'. 'షాంపూతో బట్టలు ఉతకొచ్చా'. వీటికి వేరే టీక అక్కరలేదు, గది తలుపు తీస్తే చాలు.

మూలం: నిన్నటి అన్నం తినొచ్చా

ఇది గ్రంథానికి గుండెకాయ.

ప్రతిపదార్థం: నిన్నటి = నిన్న రాత్రి వండి, మూత పెట్టి, మరచిపోయినట్టి; అన్నం = అన్నమును; తినొచ్చా = తినుటకు నాకు అనుమతి కలదా.

అన్వయం తిన్నగానే ఉంది. చిక్కంతా కర్తృపదం దగ్గర. ఎవరు తినొచ్చా? 'నేను' అని ఎక్కడా లేదు. వెతికినంత మేరా ఒచ్చాంతాల్లో ఒక్కచోట కూడా 'నేను' లేదు. అడిగేది లోకంలో ఎవరో నిన్నటి అన్నం తినబోతున్నట్టూ, వాళ్ళ మేలు కోరి కర్త కనుక్కుంటున్నట్టూ ఉంటుంది.

పాఠాంతరాలు: ప్రతులు వేరు కావు గాని పాఠాలు మూడున్నాయి. ఉదయం 9.12: నిన్నటి అన్నం తినొచ్చా. 9.13: నిన్నటి అన్నం తింటే ఏమవుతుంది. 9.15: చద్దన్నం లాభాలు. 9.15 తర్వాత ప్రశ్నలు లేవు.

తాత్పర్యం: తిన్నాడు.

ఆక్షేపం: చద్దన్నం మన తాతలు తినలేదా? పోతన దశమ స్కంధంలో సాక్షాత్తూ కృష్ణుడే గోపబాలురతో కూర్చుని చల్దులు ఆరగించలేదా?

సమాధానం: ఆరగించాడు. అయితే చల్ది అంటే మిగిలిపోయిన అన్నం కాదు, మిగిల్చిన అన్నం. రాత్రే నీళ్ళో మజ్జిగో పోసి నానబెడితే తెల్లవారేసరికి పులుస్తుంది. పులుపు చేసే సూక్ష్మజీవులు ముందుగా చోటు ఆక్రమించుకుంటాయి, చెడ్డవాటికి అంతగా సందు దొరకదు. కుక్కరులో మూత కింద రాత్రంతా వెచ్చగా పడి ఉన్నది వేరే జాతి. బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి ఉంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో మేలుకుని పెరుగుతాయి. అవి వదిలే విషాల్లో వాంతి తెప్పించేది ఒకటి, మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన అన్నం రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లోకి వెళ్ళాలని చెప్పేది అందుకే. యంత్రం ఈ మాట కూడా చెప్పింది, 9.13కి. కర్తకు కావలసిన జవాబు అది కాదు గనక ప్రశ్న మార్చాడు.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. 'ఎలా' అని అడిగేవాడికి నిజంగా తెలియదు. 'తినొచ్చా' అని అడిగేవాడు అప్పటికే కంచం ముందు కూర్చున్నాడు. అడిగితే కాదనేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. వాళ్ళను అడిగితే మళ్ళీ మార్చి అడగడం కుదరదు, "ఇందాకే చెప్పానుగా" అంటారు. యంత్రం ఆ మాట ఎప్పుడూ అనదు. ఎన్నిసార్లు తిప్పి అడిగినా మొదటిసారి విన్నట్టే వింటుంది. పిల్లలు దానికి అలవాటు పడ్డది తెలివికని అందరూ అంటారు. నాకైతే ఈ ఓపికకే అనిపిస్తోంది.

మూలం: 68 ఉంటే పరీక్ష రాయొచ్చా

ప్రతిపదార్థం: 68 = నూటికి అరువదియెనిమిది పాళ్ళ హాజరు; ఉంటే = ఉన్నచో; పరీక్ష = సెమిస్టరు పరీక్షను; రాయొచ్చా = (పైన చెప్పితిమి).

వ్యాకరణ విశేషం: 'ఉంటే' అన్నది చేదర్థకం. వ్యాకరణరీత్యా ఇది షరతు. యథార్థంలో ఒప్పుకోలు.

తాత్పర్యం: జేఎన్టీయూ కాలేజీల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్ళు అనారోగ్యం వంటి కారణం చూపించి, ఫీజు కట్టి, కాండొనేషన్ పొందుతారు. 65 దిగితే డిటెయిన్. కాబట్టి జవాబు ఉంది, అనుకూలంగానే ఉంది. అయినా కర్త అదే రాత్రి 'కాండొనేషన్ ఫీజు ఇంటికి మెసేజ్ వస్తుందా' అని అడిగాడు. ఆ ఫీజు కోసం "ల్యాబ్ రికార్డులు కొనుక్కోవాలి మావయ్యా" అంటూ డబ్బు అడిగింది నన్నే అని, ఈ సూత్రం చదివేదాకా నాకు తెలియదు. వ్యాఖ్యాతకు మూలంలో ఇంత దగ్గరి సంబంధం ఉండడం శాస్త్రసమ్మతం కాదు.

మూలం: దోమలు నన్నే ఎందుకు కుడతాయి

గ్రంథం మొత్తంలో 'ఎందుకు' ఉన్నది ఇదొక్కటే. 'నన్ను' ఉన్నదీ ఇక్కడే. 'నన్నే' లోని ఏకారం అవధారణార్థకం: గదిలో ముగ్గురుండగా తక్కిన ఇద్దరినీ విడిచి అని భావం. కరుణరసం.

కుట్టేవి ఆడదోమలే, గుడ్లకు నెత్తురు కావాలి గనక. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చర్మం వాసన పట్టుకుని వస్తాయి. ఒక్కొక్కరి చర్మం వాసన ఒక్కోలా ఉంటుంది గనక పక్షపాతం నిజమే. సాక్సు సూత్రం ఇక్కడ మళ్ళీ చదువుకోవాలి.

కర్త గది నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బేగంపేటలో దిగితే రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది అక్కడే. 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడని చెబుతారు. మావాణ్ణి ఏడాదిన్నరగా కుడుతున్నాయి, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం నాకు ముద్దొచ్చింది. అడిగి, జవాబు చదివి, మళ్ళీ మార్చి అడగలేదు.

మూలం: కల్లు దగ్గర్లో ఎక్కడ…

ఇక్కడ గ్రంథపాతం. ఫోను తెర ఇరుకు కావడంతో వాక్యం చుక్కల్లో ఆగిపోయింది. పూర్తి పాఠం కోసం వేలితో నొక్కాలని నాకు అప్పటికి తెలియదు. మా అక్క పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను గట్టిగా చదివాను. పండితుడు చేయకూడని పని అది.

"కల్లా!" అంది. చిక్కుడుకాయలు పక్కకు తోసింది. "కల్లు తాగడానికి హైదరాబాదు పోవాలా, తణుకులో తాళ్ళు లేవా" అంటూ అప్పటికప్పుడు ఫోను కలిపింది. అవతలినుంచి వాడు చెప్పిన పూర్తి పాఠం: కళ్ళు దగ్గర్లో ఎక్కడ చూపించుకోవచ్చు. క్లాసులో సగం మందికి కళ్ళకలక వచ్చిందట. మెహదీపట్నం వెళ్ళి సరోజినీ దేవి ఆసుపత్రిలో చూపించుకున్నాడట. వారం పది రోజుల్లో తగ్గిందట. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటదనీ, చేతులూ తువ్వాళ్ళ వల్లే అంటుతుందనీ తల్లికే పాఠం చెప్పాడు. ల-ళ భేదం పాటించని జాతికి పట్టే గతి ఇదని నేను ఒక మాట వేయబోతుండగా, వాడు ఆగి అడిగాడు: "అమ్మా, ఇవన్నీ నీకెలా తెలుసు? మావయ్య చదువుతున్నాడా?"

అక్క నా వంక చూసింది. నేను చిక్కుడుకాయలు ఏరుతున్నాను.

ప్రక్షిప్తం

గ్రంథం చివర మూడు సూత్రాలు అదనంగా కనిపిస్తున్నాయి. తేదీ సంక్రాంతి తర్వాతిది. కర్త అప్పటికి కూకట్‌పల్లి చేరుకున్నాడు. పైగా ఇవి తెలుగు లిపిలో, అరసున్న తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి. శైలిని బట్టి చూసినా కర్తృత్వం వేరు. మూలంలో చేర్చకపోయినా, పరిష్కర్త ధర్మంగా ఇక్కడ ఇస్తున్నాను.

రాత్రి 9.18: మేనల్లుడి ఫోనులో ఉన్నవి పత్రికకు రాయొచ్చా.

9.20: పేరు లేకుండా రాయొచ్చా.

9.22: ఇచ్చేసిన ఫోనులో ఉన్నది ఎవరిది.

9.22 తర్వాత ప్రశ్నలు లేవు.