వంత కావాలి

కచేరీలో గాయకుడి వెనక కుదురుగా కూర్చుని శ్రుతి వేసే పెద్ద తంబురా నాకు అక్క వరస. నేను బుర్రకథ తంబురాని. కూర్చోవడం నాకు అలవాటు లేదు. కథకుడి కుడి భుజం మీదెక్కి, ఆయన ముందుకు ఉరికితే ఉరికి, వెనక్కి చిందేస్తే చిందేసి, రాత్రి భోజనాలయ్యాక ఎత్తుకున్న కథ తొలికోడి కూసేదాకా ఆయన చెవి పక్కనే మోగేదాన్ని. ఆయన గొంతు బొంగురుపోతోందని జనానికంటే ముందు నాకే తెలిసేది.

ప్రకాశం బ్యారేజీ కడుతున్న రోజుల్లో, అంటే 1957కి కాస్త ముందు, నూజివీడులో వీణలు చేసేవాళ్ల చేతుల్లో పుట్టాను. ఒళ్లు పనస చెక్క. ఎలా తొలిచారో, ఎలా నునుపు చేశారో చెప్పుకుంటూ కూర్చోను. నన్ను కొనుక్కున్నది దివిసీమలో నాగాయలంక దగ్గరి ఓ కౌలు రైతు. సార్వా ధాన్యం అమ్మిన డబ్బు పంచె కొంగున ముడేసుకుని బస్సెక్కి వచ్చాడు.

ఆయనకి బుర్రకథ పిచ్చి పట్టించింది షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్ కథ చెబుతుంటే ఒక్కసారి విన్నవాడు మళ్లీ మామూలు మనిషిగా ఇంటికి పోలేడని మా కథకుడు అంటుండేవాడు. అంతకుముందు జంగం కథ, శారద కథ అంటూ పురాణాలు చెప్పుకుని తిరిగిన కళ ఇది. 1940ల్లో ప్రజానాట్యమండలి దాన్ని చేతిలోకి తీసుకుని పదును పెట్టింది. సుంకర సత్యనారాయణ కథలు రాశాడు. మోటూరు ఉదయం ఆడవాళ్లతోనే దళం కట్టింది. బెంగాల్ కరువు గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, దున్నేవాడికి దక్కని భూమి గురించి ఊళ్లలో కథలు నడిచాయి. చివరికి మద్రాసు ప్రభుత్వం, నైజాం సర్కారు రెండూ బుర్రకథ మీద నిషేధం పెట్టాయి. ఒక పాటని చూసి రెండు ప్రభుత్వాలు భయపడ్డాయంటే ఆ పాటలో ఎంత దమ్ముండాలి! ఆ రోజులకి నేనింకా పుట్టలేదు. కానీ ఆ వేడి ఆరకముందే వచ్చానని ఇప్పటికీ గర్వపడతాను.

మా దళంలో ముగ్గురు. మధ్యలో కథకుడు, అంగరఖా, తలపాగా, కాళ్లకి గజ్జెలు, చేతిలో అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలతో. ఒకాయన హాస్యం వంత. రెండో ఆయన రాజకీయం వంత. పాత కథ మధ్యలో ఆపి ఈనాటి కరణం సంగతి, కాలవ నీళ్ల సంగతి, కల్తీ ఎరువుల సంగతి అడిగేవాడు. మంచు పడే రాత్రుళ్లు గుమ్మెట తోలు మెత్తబడి నాదం చచ్చిపోయేది. అప్పుడు వంతలిద్దరూ తాటాకు మంట వేసి, తోలుని దూరంగా తిప్పుతూ కాచి, వేలి గోటితో కొట్టి చూసుకుని, ‘ఆ, పలికింది’ అనుకుని మళ్లీ నిలబడేవాళ్లు. ఆ కాసేపూ మా కథకుడు నా బిరడాలు సవరిస్తూ జనంతో కబుర్లాడేవాడు. ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు.

తర్వాత ఊరూరా సినిమా టెంట్లు వచ్చాయి. కుటుంబ నియంత్రణ గురించి చెప్పమని ప్రభుత్వం వాళ్లే బుర్రకథ దళాల్ని పిలిచారు. నిషేధించిన చేతులే పిలిచి కూలి ఇచ్చాయి. మా కథకుడు అదీ శ్రద్ధగానే చెప్పాడు. రోజులు గడవాలి కదా.

1977 నవంబర్ 19, శనివారం. కార్తీక మాసం. గుడివాడ అవతల ఓ ఊళ్లో కథ ఉందని మా కథకుడు నన్ను తీసుకుని ముందే వెళ్లాడు. హాస్యం వంత కూడా వెంట ఉన్నాడు. రాజకీయం వంతకి ఇంట్లో పిల్లకి జ్వరం, మర్నాడు పొద్దున్నే వచ్చి కలుస్తానన్నాడు. ఆ రోజే సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. నీళ్లు తీశాక, బురదలో నడుచుకుంటూ మేం ఊరు చేరేసరికి రాజకీయం వంత లేడు, పిల్ల లేదు, గుమ్మెట లేదు, ఇల్లుండిన జాగాలో కొబ్బరి మోడు ఉంది.

మా కథకుడు మళ్లీ దళం కట్టలేదు. ‘వేరే వంతని పెట్టుకోవయ్యా’ అని చాలామంది చెప్పారు. ఆయన వినలేదు. నన్ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ పెట్టడంలో కోపం లేదు, అందుకే ఆయన్ని నేనెన్నడూ తప్పు పట్టలేదు.

అటక మీద కాలం ఎలా గడుస్తుందో నాలాంటివాళ్లకి తప్ప తెలియదు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది. ఉబ్బినప్పుడొకటి, బిగుసుకున్నప్పుడొకటి నా తీగలు తెగిపోయాయి. తెగేటప్పుడు టంగుమని పెద్ద చప్పుడే అవుతుంది. ఇంట్లో ఎవరూ పైకి చూడలేదు. 1986లో నాజర్ గారికి పద్మశ్రీ ఇచ్చారని విజయవాడ రేడియో స్టేషన్ చెబితే కింద వరండాలో విన్నారు. ‘మన నాన్న కూడా చెప్పేవాడుగా’ అని ఎవరో అన్నారు. ‘ఆ తంబురా ఏదీ?’ అని ఎవరైనా అడుగుతారని చాలాసేపు చూశాను.

మా కథకుడు పోయాక ఆయన కొడుకు విజయవాడ పటమటలో ఇల్లు తీసుకున్నాడు. సామాన్ల లారీలో మంచం కోళ్ల మధ్య నన్ను దోపారు. కొత్త ఇంట్లో నా చోటు మెట్ల కింద. నా బుర్రలో ఒకాయన మేకులు వేశాడు, ఒకావిడ బట్టల క్లిప్పులు వేసింది. పిల్లల బడి వార్షికోత్సవానికి నారదుడి వేషం కట్టినప్పుడు నాకు బంగారు రంగు కాగితం అతికించారు. ఆ జిగురు పట్టి నా నునుపంతా పోయింది. ఓసారి పాత ఇనుప సామాన్లవాడు కూడా నన్ను చేత్తో ఎత్తి చూసి, ‘చెక్క నాకెందుకమ్మా’ అని కింద పెట్టి వెళ్లిపోయాడు. పనికిరాని వస్తువుల్లో కూడా పనికిరానిదాన్నని ఆ రోజు తెలిసింది. మనిషి భుజం మీద నిలబడినదానికి అది మామూలు బాధ కాదు.

మనవడి సంగతికొస్తాను. వాడికి గిటారు పిచ్చి. ఇంజనీరింగుకి హైదరాబాద్ వెళ్లి, చదువు పక్కన పెట్టి హార్డ్ రాక్ బ్యాండులో చేరాడు. సెలవులకి వచ్చి మేడ మీద ఆంప్లిఫయర్ పెట్టి మోగిస్తే వీధంతా గోల గోల అని తిట్టేది. మెట్ల కింద నాకు మాత్రం ఆ గోలలో తెలిసిన మాట వినిపించేది. గిటారు అడుగు తీగని డీ శ్రుతికి దించి, ఒక్క వేలితో మూడు తీగలు కలిపి నొక్కి కొడతాడు. పవర్ కార్డ్ అంటారట. అందులో ఉన్నది షడ్జం, పంచమం, అంతే. ఆ గిటారు శబ్దాన్ని కావాలనే చీలుస్తారు. అలా చీల్చినప్పుడు గాంధారం కూడా కలిపితే బురద అవుతుంది, స-ప లు మాత్రం ఎంత చీల్చినా నిలబడతాయి. తంబురాకి పుట్టినప్పటి నుంచీ తెలిసింది ఆ స-ప లే. తీగలు ఆనే చెక్క మీద, తీగ కింద నూలుపోగు దోపి మా నాదం ఝుమ్మనేలా చేయడం కూడా శబ్దాన్ని చీల్చి గలగలలాడించడమే.

వాడికి కష్టం ఎక్కడొచ్చిందంటే, ఇంగ్లిష్ బ్యాండ్ల పాటలు అచ్చు దించినట్టు వాయిస్తాడు గానీ సొంత పాట కట్టమంటే చేయి ఆడదు. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండు రెగే నడకలో ‘ఊరెళ్లిపోతా మామ’ అని తెలుగులో పాడితే ఊరూరా పట్టుకుంది. అది విన్నప్పటి నుంచీ వీడికి నిద్ర లేదు. నాకూ ఓ ఊరుంది కదా అనుకున్నాడు. ఏదో వైరు కోసం మెట్ల కింద వెతుకుతూ నన్ను బయటికి లాగాడు. మేకులు దులిపి, బంగారు కాగితం గోటితో గీకి, ‘ఇది తాతదా?’ అని వాళ్ల నాన్నని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి నేను మెట్ల కింద పాత బాకీలన్నీ రద్దు చేసేశాను.

గిటారు ఒక భుజానికి, నేను రెండో భుజానికి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ మీదుగా మా ఊరు వెళ్లాం. కూచిపూడి దగ్గర డాన్సు నేర్చుకునే పిల్లలు బిలబిలమంటూ బస్సు దిగారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారట. మంచిదే, ఆ కళకి ఆ గౌరవం దక్కాల్సిందే. మా ఊళ్లో పాట కోసమని దిగినవాడు మాత్రం వీడొక్కడే.

పొలాల్లో నాట్ల పాటలు రికార్డు చేద్దామని వచ్చాడు వాడు. నాట్లు మిషన్ వేస్తోంది. మిషన్ వెనక నడిచే ఇద్దరూ సెల్‌ఫోన్‌లో సినిమా పాటలు పెట్టుకున్నారు. మొదటి వారం వాడి మొహం చూడలేకపోయాను. చివరికి నాకు కొత్త తీగలు వేసి, డీకి శ్రుతి చేసి, నా ఝుంకారాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. దాని మీద గిటారు మోగిస్తే, నన్నెవరూ ముట్టుకోకుండానే నా తీగలు వాటంతటవే పలికాయి. ఒకే శ్రుతిలో ఉన్న తీగలకి అది సహజం. వాడు గిటారు ఆపేసి నా బుర్ర మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఇంకేముంది, పాట వచ్చేసిందనుకున్నాడు.

రాలేదని చెప్పింది హాస్యం వంత. ఎనభై దాటిన మనిషి, పక్క వీధిలోనే ఉన్నాడు. నన్ను చూడగానే, ‘ఏరా అబ్బాయ్, దీన్ని ఎవరు చూసుకున్నార్రా ఇన్నేళ్లూ’ అన్నాడు. మా వాడు తల దించుకున్నాడు. లాప్‌టాప్ పాట వినిపిస్తే ఆయన ఓపిగ్గా విని, ‘నాదం బానే ఉంది. కథేదీ? వంతలేరీ?’ అన్నాడు.

మా వాడు తనకి తెలిసిన బ్యాండ్ల సంగతులన్నీ చెప్పాడు. 1970లో లెడ్ జెపెలిన్ అనే బ్యాండులో ఇద్దరు వేల్స్ పల్లెల్లో కరెంటు లేని ఇంట్లో కొన్నాళ్లుండి పాటలు కట్టుకొచ్చారని చెప్పాడు. ‘ఆ ఊళ్లో వాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నారు?’ అని ముసలాయన అడిగాడు. దానికి జవాబు చెప్పలేక, సెపుల్‌తురా అనే బ్రెజిల్ మెటల్ బ్యాండు షవాంతె అనే ఆదివాసీ తెగ దగ్గరికే వెళ్లి, వాళ్లతో కలిసి పాడి, 1996లో రూట్స్ అనే ఆల్బం చేసిందని చెప్పాడు. ‘కలిసి పాడారు కదా. అదీ పని’ అన్నాడాయన.

ఆ సాయంత్రం నుంచి పాఠం మొదలైంది. గుమ్మెట ఎప్పుడో పగిలిపోయింది కాబట్టి ముసలాయన ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా బోర్లించి వాయించాడు. కథకుడు ఒక్క చరణం అనగానే వంత ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ ‘తందాన’ అని తోసెయ్యాలి, ఎక్కడ ఆపి ‘అదేంటన్నా?’ అని అడగాలి, రగడ నడక ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వచనంలోకి దించాలి, అన్నీ డబ్బా మీదే. మా వాడికి గిటారు మీద వేళ్లు గాలిలా తిరుగుతాయి. పాడుతూ అడుగేస్తూ వాయించమంటే మూడూ మూడు దారులు పట్టాయి. ముసలాయన తిట్టలేదు. ‘మీ తాతకీ మొదట అంతే’ అన్నాడు. అది నిజం. నాకు గుర్తుంది.

నన్ను గోడకి తగిలించి ఫొటో తీసుకునేవాళ్లకీ, పాట మొదట్లో పది క్షణాలు మోగించి పల్లె వాసన అనేవాళ్లకీ నేను చెప్పేదొకటే. నా మోత మీకు లాప్‌టాప్‌లో కూడా దొరుకుతుంది. దొరకంది, పక్కన నిలబడి ‘అదేంటన్నా?’ అని అడిగే మనిషి. బుర్రకథకి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆనాటి సర్కార్లు భయపడింది కూడా ఆ ప్రశ్నకే. హార్డ్ రాక్ గుండె నిండా కోపం ఉంది, మనకి వినిపిస్తూనే ఉంది. ఆ కోపం దేని మీదో ఊళ్లో జనం అడిగితే చెప్పగలగాలి.

కథ ఏదన్న దానికి మా ఇద్దరు ముసలివాళ్లకీ వేరే ఆలోచన లేదు: ఉప్పెన. కొట్టుకుపోయిన రాజకీయం వంత పేరు అందులో రావాలి. ఆయన జాగాలో బ్యాండులో బేస్ గిటారు వాయించే కుర్రాడు నిలబడతాడు. డ్రమ్ములవాడు హైదరాబాద్ నుంచి వచ్చి గుమ్మెట నేర్చుకోవాలి. అది ముసలాయన పెట్టిన షరతు. మొదటి కథ మా ఊళ్లోనే, రామాలయం దగ్గరే, మైకు లేకుండా.

ఒక్క దగ్గర పేచీ తెగలేదు. అంత చావు జరిగిన కథలో నవ్వు ఎలా పెడతామని మా వాడు అడుగుతున్నాడు. ‘నవ్వు లేకపోతే జనం తెల్లారేదాకా ఆ కథ మొయ్యలేర్రా. శిబిరాల్లో పులిహోర పొట్లాల కోసం తోసుకుంటూ కూడా నవ్వాం మేం. అది రాసుకో’ అంటున్నాడు హాస్యం వంత.