ఫోటో బ్యాచి తిన్నారా?

మా గోరంట్ల పక్క రిసెప్షన్ పెళ్ళికి ముందురోజు రాత్రే అయిపోతుంది. కోస్తా నుంచి వచ్చే చుట్టాలకు ఇది విడ్డూరం. తాళి కట్టకుండానే రిసెప్షనేమిటని చెవులు కొరుక్కుంటూనే ముందు వరసలో కూర్చుంటారు. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్నవాళ్ళం, అక్కడి పద్ధతే మాదీ. ముహూర్తమేమో తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదుకో ఉంటుంది. సాయంత్రం ఆరింటికి కెమెరా మెడలో వేసుకున్నవాడు మర్నాడు అప్పగింతల దాకా దాన్ని దించడు. పెళ్ళికొడుకైనా మధ్యలో కాసేపు నడుం వాలుస్తాడు.

మా బావ కూతురి పెళ్ళిలో నాకొక శాఖ దక్కింది. "ఏమప్పా, బయటోళ్ళ భోజనాలు నువ్వు చూస్కో" అన్నాడు బావ. బయటోళ్ళంటే ఫోటో, వీడియో, సన్నాయి మేళం, పూల డెకరేషన్, సౌండు, జనరేటరు, వంటవాళ్ళు, బస్సు డ్రైవర్లు. పెళ్ళిని నడిపేవాళ్ళంతా బయటివాళ్ళు, ఫ్యాను కింద కుర్చీ దొరకలేదని అలిగేవాళ్ళంతా లోపలివాళ్ళు.

"ఫోటోవాళ్ళు ఎంతమంది బావా?"

"ఇద్దర్ని మాట్లాడినా."

హిందూపురం నుంచి వచ్చిన వ్యానులోంచి ఏడుగురు దిగారు. ఒకాయన స్టేజి ఎదుట నిలబడి "ఇటు చూడండి సార్" అనే మామూలు ఫోటోగ్రాఫరు. ఇంకొకాయన క్యాండిడ్. ఈయన ఎవరినీ ఇటు చూడమనడు, స్తంభం చాటున నక్కి, మనం ముక్కు తుడుచుకునే క్షణం కోసం కాచుకుని ఉంటాడు. వీడియోకిద్దరు, డ్రోనుకొకడు, ఎల్ఈడీ తెర దగ్గర మిక్సింగుకొకడు. ఏడో కుర్రాడు లైటు పట్టుకుంటాడు, బ్యాటరీలు ఛార్జింగు పెడతాడు, అందరి తిట్లూ తింటాడు. తిట్లు కాక ఇంకేమైనా తిన్నాడా అన్నది చూడటమే నా ఉద్యోగం.

మా చిన్నప్పుడు పెళ్ళంతటికీ ఒక్కడే ఫోటోగ్రాఫరు. రీలుకు 36 ఫోటోలు. ఆయన అలిగి రెండో రీలు లేదన్నాడంటే తలంబ్రాలు ఎవరికీ కనపడవు. అందుకని ఆయన్ని బతిమాలి మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టి, ఓళిగ మీద నెయ్యి పెళ్ళిపెద్దే వేసేవాడు. ఇప్పుడు ఒక కార్డులో వేల ఫోటోలు పడుతున్నాయి. ఫోటో చవకైంది, దాంతోపాటు తీసేవాడి మర్యాద కూడా.

ఎనిమిదింటికి వెళ్ళి మామూలు ఫోటోగ్రాఫరును అడిగాను. "అన్నా, తిన్నారా?"

"తింటాం లే సార్, ఇంగ కొంచెం రష్షు తగ్గనీ."

రిసెప్షన్‌లో రష్షు తగ్గడమనేది ఉండదు. మేనత్త వైపువాళ్ళు దిగితే మేనమామ వైపువాళ్ళు ఎక్కుతారు. వాళ్ళు దిగేలోపు ఎవరో పిల్లవాడు ఫోటోలో లేడని అందరూ మళ్ళీ ఎక్కుతారు. ఆఖరికి ఆయన కెమెరా దించబోతే "లీడరు వస్తాన్నాడంట" అని కబురు. లీడరు ఎప్పుడూ దారిలోనే ఉంటాడు.

మిగతా బయటోళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకం. సన్నాయి ఆయన ముందు తినడు. "కడుపు నిండితే ఊపిరి పట్టదు సామీ" అన్నాడు. డోలాయనకు ఆ బాధ లేదు గానీ, సన్నాయిని వదిలి తానొక్కడే లేచిపోతే బాగుండదని కూర్చున్నాడు, డైనింగు హాలు వైపు చూస్తూ. దెబ్బ కొంచెం గట్టిగానే పడుతోంది. వంటాయనకు ఓళిగ చూపిస్తే మొహం తిప్పుకున్నాడు. పొద్దుట్నుంచీ నూనె పొగలో నిలబడినవాడికి ఇంత పెరుగన్నం, ఊరగాయ ముక్క చాలు. జనరేటరాయన దాన్ని వదిలి రాడు, మనమే పట్టుకెళ్ళాలి. బస్సు డ్రైవర్లు మాత్రం ఎవరూ పిలవకుండానే మొదటి పంక్తిలో తినేసి, సీట్లలో కాళ్ళు చాపి పడుకున్నారు. ఇంత వివేకం మిగతావాళ్ళకెందుకు లేదో!

ఆకలితో ఉన్న క్యాండిడ్ ఫోటోగ్రాఫరు ఎంత ప్రమాదమో మా పెద్దమ్మ మనవడి ఆల్బమ్‌లో చూశాను. జిలేబీ క్లోజప్పు, బిసిబేళాబాత్ మీద ఆవిరి, జీడిపప్పు మీద మెరుపు, ఎంత ప్రేమగా తీశాడో. వెనకాల మసకగా ఎర్రచీరలో ఎవరో ఉన్నారు. పెళ్ళికూతురంట.

పనివాళ్ళకు అన్నం పెట్టే విషయంలో మా పక్క పెద్దల ఆదర్శం కూడా ఉంది. లేపాక్షి గుడిలో నేల మీద రాతిలో తొలిచిన పళ్ళాలు చూపిస్తారు, కూరలకు విడిగా గుంటలతో సహా. శిల్పులు అందులోనే భోంచేసేవారని చెబుతారు. కాదు, రంగులు కలుపుకున్నారని ఇంకొందరు. నేను భోజనం పార్టీ. 16వ శతాబ్దంలో అక్కడ శివపార్వతుల పెళ్ళి కోసం మొదలుపెట్టిన కళ్యాణ మండపం ఇప్పటికీ సగంలోనే నిలబడి ఉంది. రాయలవారి ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడన్న నింద పడి, కోశాధికారి విరుపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడని కథ. లెక్క తేలలేదు, మండపం పూర్తి కాలేదు, పనివాళ్ళ పళ్ళాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఇదంతా బావకు చెప్పాను. "దేవుని పెండ్లికి ఆకుకింత అని ఎవుడడిగినాడప్పా?" అన్నాడు. వంట కాంట్రాక్టు ఆకుల లెక్కన మాట్లాడుకున్నాడు పాపం.

ఇక దారి ఒకటే కనిపించింది. స్టేజి ఖాళీ అయ్యేది పెళ్ళికూతురు చీర మార్చుకునేటప్పుడే. ధర్మవరం పట్టు విప్పి ఇంకో ధర్మవరం పట్టు కట్టడానికి ఇరవై నిమిషాలు. పంచాంగంలో వేయరు గానీ, ఫోటో బ్యాచికి అదే భోజన ముహూర్తం. బ్యూటీషియనమ్మను పట్టుకుని "అమ్మా, పిన్నులు ఇంకో నాలుగు ఎక్కువ పెట్టు" అని బతిమాలి అరగంట సంపాదించాను.

ఏడుగురినీ ఒకే వరసలో కూర్చోబెడితే కొత్త చిక్కు. వడ్డించేవాళ్ళు వాళ్ళ ముందు ఆగరు. మెడలో కెమెరా ఉన్నవాడు తినడానికి కూర్చుంటాడని వాళ్ళ ఊహకందదు. చారు బకెట్టు కుర్రాడు కెమెరా చూసి జుట్టు సర్దుకుని, నవ్వి, ముందుకెళ్ళిపోయాడు. చివరికి నేనే గరిటె తీసుకున్నాను. మామూలు ఫోటోగ్రాఫరు లెన్సు మీద ఎడమచెయ్యి మూతలా పెట్టుకుని, కుడిచేత్తో ఓళిగను నాలుగు మడతలు వేసి ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాడు. లైటు కుర్రాడు చిత్రాన్నం మూడోసారి పెట్టించుకున్నాడు. వీడియో ఆయన తేన్చి, "పెండ్లి భోజనం వేడిగా తినేది ఇదే ఫస్టు సార్" అన్నాడు.

ఆ తేన్పు విలువ మర్నాడు తెలిసింది. వంట కాంట్రాక్టరు చెప్పిన ఆకుల లెక్కకు, బావ లెక్కకు పొంతన లేదు. గొంతులు లేస్తున్నాయి. వీడియో ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, "ప్రతి పంక్తీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తీసినా, లెక్క పెట్టుకోండి సార్" అన్నాడు. మామూలుగా అయితే సామాన్లు సర్దుకుని పోయేవాడే. బావ, కాంట్రాక్టరు తలలు ఆనించి ఆకులు లెక్కపెట్టారు. కాంట్రాక్టరు లెక్క దిగింది. బావ మీసం దువ్వాడు.

అప్పుడు కాంట్రాక్టరు తెర మీద వేలు పెట్టాడు. "సరే గానీ సార్, రెండో పంక్తిలో ఉండే ఈ పెద్దాయన, నాలుగో పంక్తిలో గూడా ఉండాడు, ఐదో పంక్తిలో గూడా ఉండాడు. ఈయన్ది ఒక ఆకా, మూడాకులా?"

బావ ముందుకు వంగి చూశాడు. తన మామగారు. అంటే మా నాన్న.

"మూడు రాసుకోప్పా" అన్నాడు బావ. ఆ తర్వాత వీడియో ఆయన్ని పక్కకు పిలిచి, ఆ మూడు ముక్కలూ తీసేయమని మాట్లాడుకున్నాడు.