కొడుకు కొట్టాల్సిన పాతిక

వారసులంటే మనకు కొత్తేం కాదు. మొదటి సినిమా పోతే రెండోదానికి కొబ్బరికాయ కొడతాం. రెండోదీ పోతే కథ బాలేదంటాం. కానీ ‘సగటున ఇన్ని పాయింట్లు రాకపోతే ఉద్యోగం హుళక్కి’ అని వారసుడి చేత సంతకం పెట్టించడం మాత్రం నేను అమెరికాలోనే చూశాను, అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో.

అక్కడ 1999 నుంచి కర్క్ ఫెరెంట్జ్ హెడ్ కోచ్. 2017లో అఫెన్సివ్ కోఆర్డినేటర్ పదవి, అంటే పాయింట్లు తెచ్చే ఎత్తులు వేసే పని, కొడుకు బ్రయన్‌కే ఇచ్చాడు. కాకి పిల్ల కాకికి ముద్దు, సరే. మరి బంధుప్రీతి నిబంధన మాటేమిటి? కొడుకు తండ్రికి కాకుండా అథ్లెటిక్ డైరెక్టర్‌కు జవాబు చెబుతాడన్నారు. తండ్రి జవాబు చెప్పేదీ ఆయనకే. అలా కాగితం మీద తండ్రీకొడుకులు ఒకే బాసు కింద కొలీగ్స్ అయిపోయారు.

బ్రయన్ మరీ చేతకానివాడేం కాదు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో పనిచేసి వచ్చాడు. కాకపోతే కాలేజీలో ఆడింది ఎదుటివాళ్లను అడ్డుకునే అఫెన్సివ్ లైన్‌లో. 2022లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు పాఠాలు చెప్పే బాధ్యత కూడా ఆయన నెత్తినే పెట్టారు.

ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లో సౌత్ డకోటా స్టేట్ మీద 7–3తో గెలిచారు. ఏడంటే ఒక టచ్‌డౌన్, దాని మీద అదనపు పాయింటు అనుకుంటాం కదా? కాదు. ఫీల్డ్ గోల్‌కు మూడు, రెండు సేఫ్టీలకు రెండేసి. బంతి పట్టుకున్నవాణ్ణి వాడి గోల్ గీత వెనకే పడేస్తే అది సేఫ్టీ. అంటే ఏడులో నాలుగు డిఫెన్స్ సంపాదనే! అఫెన్స్ ఆటగాళ్లు టికెట్ లేకుండా దగ్గర్నుంచి మ్యాచ్ చూశారన్నమాట.

సీజన్ సగటు 17.7 పాయింట్లకు దిగింది. 2023 ఫిబ్రవరిలో కాంట్రాక్టు తిరగరాశారు. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకు తగ్గింది. కొనసాగాలంటే ఏడు విజయాలు, మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు. అందులో ఇంకో తమాషా ఉంది: డిఫెన్స్ కొట్టిన పాయింట్లూ లెక్కలోకి వస్తాయి. పక్కవాడి పేపర్లో మార్కులు కూడా మనవే! 13 మ్యాచ్‌లకు 325 అని నాలాంటివాళ్లం ప్రతి శనివారం కూడికలు వేసుకున్నాం. గెలిచారా లేదా అన్నది రెండో ప్రశ్న.

ఆ జట్టులో చేతినిండా, కాదు, కాలినిండా పని ఉన్నవాడు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్. మన అఫెన్స్ చేతులెత్తేసినప్పుడు బంతిని అవతలి జట్టుకు దూరంగా తన్నిపారేయడం అతని పని. 2023లో ఏకంగా 4,479 గజాలు తన్ని కాలేజీ ఫుట్‌బాల్లో ఒక సీజన్ రికార్డు సృష్టించాడు. అన్ని అవకాశాలు ఇచ్చిందెవరో చెప్పక్కర్లేదు.

అక్టోబరు ఆఖర్లో, జట్టు ఎనిమిదింట ఆరు గెలిచి ఉండగా, తాత్కాలిక డైరెక్టర్ బెత్ గెట్జ్ తేల్చేసింది: ఈ సీజన్‌తో బ్రయన్‌కు సెలవు. చివరికి పది గెలిచారు, సగటు 15.4. ఆఖరి రెండు మ్యాచ్‌లూ 26–0, 35–0. సున్నాలు ఎవరివో కూడా చెప్పక్కర్లేదు.

2024 జనవరిలో కర్క్ ఆ కుర్చీలో టిమ్ లెస్టర్‌ను కూర్చోబెట్టాడు. వియ్యంకుల వైపు చుట్టమేమోనని ఆరా తీశాను. కాదట.